బలిపీఠం పక్కన చెట్టు ఉండకూడదా? మరి అబ్రాహాము నాటాడు కదా?

గోదారి_గట్టు
మా ఊరి చర్చి ఆవరణలో పెద్ద రావిచెట్టు ఉంది. చర్చి కట్టకముందు నుంచీ ఉందది. ఆరాధన అయ్యాక అందరం దాని కిందే కూర్చుంటాం, పెళ్ళి భోజనాలూ అక్కడే. పోయిన నెల ఎవరో ఒకావిడ వచ్చి కొమ్మకి పసుపుదారం కట్టి వెళ్ళింది. అప్పటినుంచి కమిటీలో ఒకటే గొడవ. ఒక పెద్దాయన లేచి ద్వితీయోపదేశకాండము 16:21 చదివారు. బలిపీఠం దగ్గర ఏ చెట్టూ నాటకూడదు, దేవతాస్తంభం నిలపకూడదు అని ఉందిగా, కొట్టించేద్దాం అన్నారు. కొట్టేవాళ్ళతో బేరం కూడా మాట్లాడేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి బైబిలు తీస్తే ఆదికాండము 21:33 కనబడింది. అబ్రాహాము బెయేర్షెబాలో పిచులవృక్షం నాటి అక్కడే దేవుడి పేరట ప్రార్థన చేశాడు. ఒకచోట నాటి ప్రార్థించడం, ఇంకోచోట నాటొద్దనడం. రెండూ ఒకే గ్రంథంలో ఎలా ఉన్నాయి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. వచ్చే ఆదివారమే మీటింగు.

పెద్దకాపరి
ఇందులో చిక్కేమీ లేదు బాబూ. అబ్రాహాము కాలానికి ధర్మశాస్త్రం ఇంకా రాలేదు. మోషే వచ్చాక కనాను వాళ్ళ పద్ధతులు అంటకూడదని దేవుడు గీత గీశాడు. ముందు జరిగింది ముందే, తర్వాత వచ్చిన ఆజ్ఞ ఆజ్ఞే.

వంటింటి_మార్త
నా సందేహం వేరే. మమ్రేలో అబ్రాహాము గుడారం 'సింధూరవృక్షాల' కింద ఉందంటారు. మా అమ్మమ్మగారి దొడ్లో సింధూరి చెట్టు ఉండేది. ముళ్ళకాయ పగలగొడితే ఎర్రగింజలు, నలిపితే వేళ్ళనిండా రంగు. చిన్నప్పటినుంచీ అబ్రాహాము ఆ చెట్టు కిందే ముగ్గురు అతిథులకి అన్నం పెట్టాడనుకుంటున్నాను. అదేనా?

హీబ్రూ_అక్షరం
@వంటింటి_మార్త అది కాదక్కా. మీరు చెప్పేది జాఫ్రా గింజల చెట్టు. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది, అబ్రాహాముకి దొరికే అవకాశమే లేదు. మన పాత అనువాదంలో 'సింధూరవృక్షం' అన్నచోట హీబ్రూలో 'అల్లోన్' లేదా 'ఏలోన్' ఉంటుంది. అంటే ఓక్ చెట్టు. కాయకి కింద చిన్న గిన్నెలాంటి తొడుగు ఉంటుంది, బొమ్మల పుస్తకాల్లో ఉడత పట్టుకుని కనబడేది అదే.

'మస్తకివృక్షం' అన్నచోట హీబ్రూలో 'ఏలా'. పిస్తా చెట్టుకి చుట్టం. దావీదు గొల్యాతుని కొట్టిన ఏలా లోయకి ఆ పేరు ఈ చెట్టు వల్లే.

@పెద్దకాపరి గారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒకటి అడుగుతాను. యెహోషువ 24:26 చూడండి. అప్పటికి ధర్మశాస్త్రం వచ్చేసింది. మోషే పోయాడు, ప్రజలు దేశంలో దిగారు. యెహోషువ నిబంధన రాసి, పెద్దరాయి తెచ్చి, షెకెములో యెహోవా పరిశుద్ధస్థలంలో ఉన్న చెట్టు కింద నిలబెట్టాడు. రాయీ ఉంది, చెట్టూ ఉంది, పరిశుద్ధస్థలమూ ఉంది. యెహోషువని ఎవరూ తప్పుపట్టలేదు.

పెద్దకాపరి
@హీబ్రూ_అక్షరం ఆ చెట్టు ముందునుంచీ అక్కడ ఉన్నది. యెహోషువ నాటలేదు. వాక్యం 'నాటకూడదు' అంటోంది.

కరీంనగర్_కలం
గట్లయితే గీ రావిచెట్టు గూడ ఎవరు నాటలే గద సార్? చర్చి కన్న ముందే ఉన్నదని తమ్ముడు మొదట్లనే చెప్పిండు.

గోదారి_గట్టు
@కరీంనగర్_కలం అన్నా, ఈ ఒక్క ముక్క చాలు నాకు! రాసి పెట్టుకున్నాను.

మస్కట్_మనోహర్
పిచులవృక్షం గురించి నేను చెప్తా, పద్నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్నా కాబట్టి. ఇక్కడ అరబ్బులు 'అథ్ల్' అంటారు. మా క్యాంపు చుట్టూ ఇసుక రాకుండా వరసగా నాటారు. దూరం నుంచి మన సరుగుడు తోటలాగే ఉంటుంది. ఆకు పోగులు పోగులుగా, బూడిద పచ్చరంగులో. పొద్దున్నే కొమ్మ పట్టుకుంటే చెయ్యి తడి అవుతుంది, నాలుకకి తగిలితే ఉప్పు. వేరు లాగిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. మధ్యాహ్నం మేం టిఫిన్ డబ్బాలు విప్పేది దాని కిందే.

హీబ్రూ_అక్షరం
@మస్కట్_మనోహర్ అన్నా, మీ 'అథ్ల్', ఆదికాండంలోని 'ఎషెల్' ఒకే మాట. హీబ్రూ, అరబీ అక్కచెల్లెళ్ళు. హీబ్రూలో 'ష' పలికే కొన్ని మాటల్లో అరబీలో 'థ' పలుకుతుంది. అబ్రాహాము నాటిన చెట్టు కిందే మీరు అన్నం తింటున్నారన్నమాట.

బెయేర్షెబా నెగెబు ఎడారి అంచు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప. అక్కడ చెట్టు నాటడమంటే తరతరాలు అక్కడే ఉంటామని చెప్పడం. ఆ అధ్యాయంలో అంతకు ముందే అబీమెలెకుతో బావి గురించి ఒప్పందం అయింది. నీళ్ళు దక్కాయి, తర్వాత చెట్టు నాటాడు. ఆ వరసలోనే కథ అంతా ఉంది.

గలిలయ_గాలి
నేను ఇజ్రాయెల్లో కేర్‌గివర్‌గా ఉన్నాను, గలిలయ వైపు. మా సవ్తాకి (మామ్మగారికి) 91 ఏళ్ళు. ఎషెల్ అంటే ఇక్కడ ఇంకో సరదా ఉంది. ఆఫీసు పనిమీద ఊరెళ్తే ఇచ్చే బత్తాని 'ఎషెల్' అంటారు. తిండి, తాగడం, పడక, ఈ మూడింటి హీబ్రూ మాటల మొదటి అక్షరాలు కలిపితే ఎషెల్ అవుతుంది. అబ్రాహాము అక్కడ చెట్టు కాదు, బాటసారులకి సత్రం పెట్టాడని పాత రబ్బీల్లో ఒకాయన అన్నాడట. సవ్తా చెప్పింది.

వంటింటి_మార్త
చెట్టు కిందే సత్రం పెట్టుంటాడు. మమ్రేలో పిండి పిసికించి, దూడని వండించినవాడు బెయేర్షెబాలో ఊరుకుంటాడా!

సూటిమాట
అందరూ చుట్టూ తిరుగుతున్నారు, అసలు మాట ఎవరూ చెప్పట్లేదు. 'దేవతాస్తంభం' అంటే ఏంటి? హీబ్రూలో అది 'అషేరా'. అషేరా అనేది దేవత. యెహోవాకి భార్య అని ప్రజలు కొలిచారు. తవ్వకాల్లో రాతలు దొరికాయి. చర్చిల్లో ఇది చెప్పరు.

పెద్దకాపరి
@సూటిమాట మాట జాగ్రత్త బాబూ. ఇక్కడ చదివేవాళ్ళలో విశ్వాసులు ఉన్నారు.

మట్టిపెంకు
@సూటిమాట సగం నిజం చెప్పారు. మిగతా సగం నేను చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

అషేరా అన్న మాట హీబ్రూ బైబిల్లో 40 చోట్ల వస్తుంది. కొన్నిచోట్ల నరికేదీ, కాల్చేదీ, నిలబెట్టేదీ, అంటే చెక్క వస్తువు. కొన్నిచోట్ల మాత్రం దేవత పేరే. 1 రాజులు 18:19లో అషేరా ప్రవక్తలు 400 మంది యెజెబెలు రాణి బల్ల దగ్గర తినేవాళ్ళు. స్తంభానికి ప్రవక్తలు ఉండరు కదా. 1928లో సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర ఒక రైతు నాగలికి పాత సమాధి తగిలింది. ఆ తర్వాత తవ్వితే ఉగారిత్ అనే పాత నగరం బయటపడింది. అక్కడ దొరికిన మట్టిపలకల్లో 'అథిరత్' అనే దేవత ఉంది. ఏల్ దేవుడి భార్య, దేవతలందరికీ తల్లి. హీబ్రూ అషేరా ఆ పేరే.

ఇక రాతల సంగతి. సీనాయి ఎడారిలో కుంతిల్లెత్ అజ్రూద్ అనేచోట 1975, 76లో జెయేవ్ మెషెల్ తవ్వారు. క్రీ.పూ. 800 ప్రాంతం నాటిది. పెద్ద పెద్ద నిల్వ జాడీల మీద సిరాతో రాసిన దీవెనలు దొరికాయి. 'షోమ్రోను యెహోవా పేరట, ఆయన అషేరా పేరట' అని ఒకటి. 'తేమాను యెహోవా' అని ఇంకోటి. ఆ జాడీల్లో ఒకదానిమీద బొమ్మ ఉంది: ఒక చెట్టు, అటూ ఇటూ రెండు కొండమేకలు ముందుకాళ్ళెత్తి ఆకులు మేస్తున్నాయి, చెట్టు కింద సింహం నడుస్తోంది. నేను ఈ విషయంలో పడింది ఆ బొమ్మ చూసే. మేక నోటికి ఆకు అందిస్తున్న ఆ చెట్టు అమ్మలా ఉంటుంది.

హెబ్రోను దగ్గర ఖిర్బెత్ ఎల్ కోమ్ అనేచోట 1967లో ఒక సమాధి గోడమీద కూడా ఇలాంటి రాతే దొరికింది.

సూటిమాట
ఇప్పుడు ఏమంటారు మరి?

హీబ్రూ_అక్షరం
ఇందులో వ్యాకరణం ఒకటి అడ్డొస్తుంది. 'ఆయన అషేరా' అన్నారు. హీబ్రూలో మనిషి పేరుకి 'ఆయన', 'నా' అనే ప్రత్యయం తగిలించరు. 'నా దావీదు' అని ఆ భాషలో ఉండదు. కాబట్టి అక్కడ అషేరా దేవత పేరు కాదు, ఆయన గుడిలో నిలబెట్టిన చెక్కస్తంభం అని చాలామంది పండితుల వాదన. ఇంకొంతమంది కాదు, దేవతే అంటారు. ఈ తగువు ఇంకా తెగలేదు.

మట్టిపెంకు
@హీబ్రూ_అక్షరం వ్యాకరణం ఒప్పుకుంటాను. కానీ మనష్షే రాజు అషేరా ప్రతిమ చేయించి సాక్షాత్తు యెరూషలేము మందిరంలో పెట్టాడని 2 రాజులు 21:7 చెబుతోంది. 23:7లో మందిరం ఆవరణలోనే స్త్రీలు అషేరాకి నేతపని చేసేవాళ్ళు. మందిరంలోకే వచ్చిందంటే జనం మనసులో ఎంత లోతుగా ఉందో చూడండి.

పెద్దకాపరి
తర్వాత వచ్చిన యోషీయా రాజు ఆ పాపమంతా బయటికి ఈడ్చి కిద్రోను లోయలో తగలబెట్టాడు. బూడిద చేశాడు. అది కూడా చెప్పండి.

మట్టిపెంకు
చెప్పాలి, నిజమే. యోషీయా ఏలుబడి పద్దెనిమిదో ఏట, అంటే క్రీ.పూ. 622లో, మందిరం బాగుచేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. రాజు బట్టలు చింపుకున్నాడు. ఆ తర్వాతే ఈ కూల్చివేతలన్నీ. దొరికిన ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండమో, దాని తొలిరూపమో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే గోదారి_గట్టు మొదట్లో చెప్పిన 16:21 వాక్యం వెనక నిలబడ్డ పోరాటం ఇదే. అప్పటిదాకా ప్రతి ఊరికీ ఒక గుట్ట, ఒక చెట్టు, ఒక బలిపీఠం ఉండేవి. అన్నీ మూయించి యెరూషలేము ఒక్కచోటే బలి అన్నారు.

పాతబస్తీ_అత్తరు
మస్తకి మాట చూసి ఆగాను. యునానీ మందుల అంగట్లో 'రూమీ మస్తగీ' అని అమ్ముతారు, పసుపుపచ్చ కన్నీటి బొట్టుల్లా ఉండే జిగురు. కడుపునొప్పికి మా నాన్న తెచ్చేవారు. దానికీ దీనికీ సంబంధమా?

హీబ్రూ_అక్షరం
@పాతబస్తీ_అత్తరు దగ్గరి చుట్టమే భాయ్. మీ మస్తగీ జిగురు ఇచ్చేది అదే పిస్తా కుటుంబంలో పొట్టిరకం. బైబిల్లోని ఏలా పెద్దచెట్టు. మన అనువాదకులు ఏలాకి తెలుగులో మాట లేక జిగురు పేరుతో పిలిచారు. నాకైతే మంచి ఎంపికే అనిపిస్తుంది.

ఇంకో సంగతి. 'ఏల్' అంటే దేవుడు, 'ఏలా' అంటే ఈ చెట్టు. 'ఏలోన్', 'అల్లోన్' కూడా దాదాపు అవే అక్షరాలు. పాత హీబ్రూ రాతలో హల్లులే ఉండేవి; అచ్చులు గుర్తులుగా పెట్టింది ఎన్నో శతాబ్దాల తర్వాత మసోరా అనే యూదు పండితులు. యెహోషువ 24:26లో వాళ్ళు 'అల్లా' అని అచ్చు పెట్టిన చెట్టూ, 'ఏలా' చెట్టూ హల్లుల్లో ఒక్కటే. చెవికి దేవుడి పేరూ చెట్టు పేరూ అంత దగ్గరగా వినబడేవి.

గలిలయ_గాలి
ఏలా మా వీధి చివర ఉంది. వేసవి చివర్లో దాని కొమ్మలకి ఎర్రటి కొమ్ముల్లాంటివి వేలాడతాయి, మేకకొమ్ము వంపుతో, అరచేతి పొడుగు. మొదటిసారి చూసి కాయలనుకుని తెంపాను. విరిస్తే లోపల బోలు, బూడిద పొడిలాంటి చిన్నచిన్న పురుగులు బిలబిలా వచ్చాయి. పేనుబంక పురుగు కట్టుకునే ఇల్లంట అది. చేతికి జిగురు వాసన రాత్రిదాకా పోలేదు. పాత దేవదారు పెట్టె తెరిచినట్టు వాసన.

ఇక్కడ పెద్ద ఓక్ చెట్లు ఎక్కడ మిగిలాయో గమనించాను. ఎక్కువగా సమాధుల పక్కనే. ముస్లిం షేకులవి, డ్రూజుల పెద్దలవి, యూదు రబ్బీలవి. చుట్టూ కొండంతా బోడి, సమాధి దగ్గర మాత్రం మానులు. భయంతోనో భక్తితోనో ఎవరూ గొడ్డలి వెయ్యలేదు. కొమ్మలకి గుడ్డపేలికలు కూడా కడతారు, గోదారి_గట్టు గారి చెట్టుకి కట్టినట్టే.

వంటింటి_మార్త
సమాధి అంటే గుర్తొచ్చింది. రిబ్కా దాది దెబోరా చనిపోతే బేతేలు దిగువన చెట్టు కింద పాతిపెట్టి దానికి అల్లోన్ బాకూత్ అని పేరు పెట్టారు. ఏడుపు చెట్టు. ఒక పనిమనిషి కోసం చెట్టుకి పేరు పెట్టారంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. సౌలు ఎముకల్ని కూడా యాబేషులో పిచులవృక్షం కిందే పాతిపెట్టారు.

చిట్టి_పుస్తకం
మా తాతగారి ఇంగ్లీషు బైబిల్లో (పాత కింగ్ జేమ్స్) ఈ దేవతాస్తంభాలన్నీ 'గ్రోవ్' అని ఉన్నాయి. అంటే తోపు. మరి మొదటినుంచీ తోపుల్నే నరకమన్నాడని కాదా అర్థం?

హీబ్రూ_అక్షరం
@చిట్టి_పుస్తకం చాలామందిని తప్పుదారి పట్టించిన మాట అది. గ్రీకులోకి మార్చినవాళ్ళు అషేరాని 'అల్సోస్' అన్నారు, లాటిన్‌లో 'లూకుస్' అన్నారు. రెండింటికీ పవిత్రమైన తోపు అని అర్థం. 1611 ఇంగ్లీషువాళ్ళు అదే పట్టుకుని 'గ్రోవ్' అని రాశారు. తాతగారి పుస్తకంలో 2 రాజులు 23:6 తీయండి. యోషీయా యెహోవా మందిరంలోంచి 'గ్రోవ్'ని బయటికి తెచ్చి కాల్చాడని ఉంటుంది. ఇంట్లోంచి తోపుని ఎలా మోసుకొస్తారు? 1885 సవరణలోనే దీన్ని మార్చి 'అషేరా' అని పెట్టారు. మన తెలుగులో 'దేవతాస్తంభం' అనడం దానికంటే మేలు.

దీనికి ఎదురుగుండా ఇంకో వింత చూడండి. మమ్రే ఓక్ చెట్ల సంగతికొచ్చేసరికి అరామిక్ అనువాదం ఒంకెలొస్ 'మమ్రే మైదానాలు' అని రాసింది. ఇంగ్లీషువాళ్ళు కూడా 'ప్లెయిన్' అన్నారు. పితరుడైన అబ్రాహాము చెట్టు దగ్గర దేవుణ్ణి కలిశాడంటే ఇబ్బంది అనిపించి ఉంటుంది. లేని తోపు ఒకచోట మొలిచింది, ఉన్న చెట్లు ఇంకోచోట మాయమయ్యాయి.

కరీంనగర్_కలం
మమ్రే చెట్టు ఇప్పుడున్నదా? మా పక్కింటి సారు యాత్రకు పొయ్యొచ్చి చూసిన అన్నడు.

మట్టిపెంకు
హెబ్రోనులో రష్యన్ చర్చి స్థలంలో ఒక పెద్ద ఓక్ ఉండేది. 1868లో వాళ్ళు ఆ స్థలం కొన్నారు. యాత్రికులకి చూపించేది ఆ చెట్టునే. అది ఎండిపోయి, చివరికి 2019లో కూలింది. మొదట్లోంచి పిలక వేసింది.

కానీ పాతకాలంలో మమ్రే అన్నది వేరేచోట, హెబ్రోనుకి ఉత్తరాన రామెత్ ఎల్ ఖలీల్. అక్కడి సంతని 5వ శతాబ్దంలో సొజొమెన్ అనే చరిత్రకారుడు వర్ణించాడు. ఎండాకాలంలో యూదులు, క్రైస్తవులు, అన్యులు ముగ్గురూ వచ్చేవాళ్ళు. అబ్రాహాము తమ తండ్రి అని ఒకరు, దూతలు అక్కడ దిగారని ఒకరు, క్రీస్తే అక్కడ కనబడ్డాడని ఒకరు. బావి చుట్టూ దీపాలు పెట్టి, అందులోకి ద్రాక్షారసం, రొట్టెలు, నాణేలు వేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఎవరూ ఆ బావినీళ్ళు తోడుకునేవాళ్ళు కాదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తికి వాళ్ళ అత్తగారు ఈ సంగతి చేరవేస్తే, బలిపీఠం పగలగొట్టించి చర్చి కట్టమన్నాడు.

పాతబస్తీ_అత్తరు
మూడు మతాలవాళ్ళు ఒకే చెట్టు కింద! మాకిది కొత్తేం కాదు, దర్గా ఉర్సులకి అందరూ వస్తారు.

సూటిమాట
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. అబ్రాహాము చేస్తే భక్తి, కనాను రైతు చేస్తే విగ్రహారాధన. చెట్టు అదే, గుట్ట అదే. తేడా ఎక్కడ?

హీబ్రూ_అక్షరం
@సూటిమాట ఇది మంచి ప్రశ్న. దీనికి న్యాయాధిపతులు 6వ అధ్యాయం కంటే మంచి చోటు లేదు. గిద్యోను కథ. అందరం చిన్నప్పుడు విన్నదే, చెట్లు చూసుకుంటూ మళ్ళీ చదవండి.

11వ వచనం. దూత వచ్చి ఒఫ్రాలో మస్తకివృక్షం కింద కూర్చుంటాడు. అదే ఏలా. గిద్యోను మిద్యానీయులకి కనబడకుండా ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్ళగొడుతున్నాడు. 19వ వచనంలో మేకపిల్లని వండి, రొట్టెలు చేసి, గంపలో మాంసం, కుండలో పులుసు పెట్టుకుని ఆ చెట్టు కిందికే తెస్తాడు. రాతిలోంచి నిప్పు లేచి వాటిని కాల్చేస్తుంది. 24లో అక్కడే బలిపీఠం కట్టి 'యెహోవా షాలోము' అని పేరు పెడతాడు. చెట్టు దగ్గర బలిపీఠం!

అదే రాత్రి, 25వ వచనంలో దేవుడు అంటాడు: మీ నాన్న కట్టిన బయలు దేవత బలిపీఠం పడగొట్టు, దాని పక్కనున్న అషేరాని నరుకు, ఆ కట్టెలతోనే ఎద్దుని దహనబలి చెయ్యి. గిద్యోను పదిమంది పనివాళ్ళని తీసుకుని, ఊరికి భయపడి రాత్రిపూట చేస్తాడు.

ఒక్క అధ్యాయంలో రెండూ ఉన్నాయి. నరికింది అషేరాని. ఏలాని నరకమని దేవుడు అనలేదు, గిద్యోను ముట్టలేదు. దూత కూర్చున్న చెట్టు కథలో అలాగే నిలబడి ఉంది.

పెద్దకాపరి
ఈ అధ్యాయం మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఎప్పుడూ గొర్రెబొచ్చు, మంచు, మూడువందలమంది అన్నదాని మీదే. చెట్టు దగ్గర ఆగలేదు. ఇప్పుడు పుస్తకం తెరిచి పెట్టుకునే రాస్తున్నాను. మీరు చెప్పిన వరస సరిగ్గానే ఉంది.

మట్టిపెంకు
అయితే హీబ్రూ_అక్షరం గారూ, ఒక మాట అడ్డం వేస్తాను. అన్నిచోట్లా ఇంత శుభ్రంగా విడదీయలేం. హోషేయ 4:13లో ఉన్నది స్తంభాలు కాదు, మామూలు చెట్లే. నీడ మంచిదని వాటికింద ధూపం వేస్తున్నారు అంటాడు. యెషయా 1:29లో కూడా మీరు ఇష్టపడిన చెట్ల వల్లే సిగ్గుపడతారు అంటాడు. పచ్చని ప్రతి చెట్టు కింద అన్న మాట యిర్మీయా, యెహెజ్కేలు ఎన్నిసార్లు వాడారో. ప్రవక్తలకి చెట్ల కింద జరిగేదాని మీద నిజంగానే మంట.

హీబ్రూ_అక్షరం
ఒప్పుకుంటాను. 'కింద' అన్నది మీరే రాశారు చూడండి. కోపం కింద జరిగేదాని మీద. అదే యెషయా 6:13లో నరికాక మిగిలిన ఏలా, అల్లోన్ మొద్దునే పరిశుద్ధ విత్తనం అన్నాడు. చెట్టంటేనే గిట్టనివాడు ఆ పోలిక తేడు.

గలిలయ_గాలి
సవ్తాని అడిగాను. ఆవిడ భర్త తల్ముద్ బాగా చదివినాయన. మిష్నాలో (రబ్బీల పాత తీర్పుల గ్రంథం) 'అవోదా జరా' అనే భాగంలో, 3వ అధ్యాయంలో దీని మీదే తీర్పు ఉందని పుస్తకం తీసి చూపించింది. అషేరాలు మూడు రకాలట. మొదటినుంచీ పూజకోసమే నాటిన చెట్టు, అది నిషేధం. ఉన్న చెట్టునే పూజకోసం నరికి చెక్కితే, మళ్ళీ మొలిచిన కొత్త కొమ్మలు తీసేయాలి. చెట్టు కింద ఎవరో విగ్రహం తెచ్చి పెడితే, విగ్రహం తీసేస్తే చాలు, చెట్టుకి దోషం లేదు.

సవ్తా వేలితో ఆ మూడో వాక్యం మీద కొట్టి కొట్టి చూపించింది. వాళ్ళ రబ్బీలు 1800 ఏళ్ళ కిందటే రాసి పెట్టుకున్నారు.

గోదారి_గట్టు
అక్కా, చేతులెత్తి దణ్ణం పెడుతున్నా. మా చెట్టు ఆ మూడో రకమే కదా! దారం కట్టారు, దారం తీసేస్తే అయిపోయింది.

కరీంనగర్_కలం
దారం తీసుడు గూడ జెర మెల్లగ తియ్యుర్రి. కట్టిన ఆమె ఎవరో, ఏ కష్టం మీద కట్టిందో.

వంటింటి_మార్త
అవును. ఆవిడ మళ్ళీ వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడగండి. మమ్రేలో అబ్రాహాము చేసింది అదే.

చిట్టి_పుస్తకం
ద్వితీయోపదేశకాండము 20:19 కూడా రాసుకోండి. పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్లచెట్ల మీద గొడ్డలి ఎత్తొద్దు అని. 16వ అధ్యాయం చదివినాయన ఇంకో నాలుగు పేజీలు తిప్పితే ఇది కనబడుతుంది.

సూటిమాట
రావి పండ్లచెట్టా?

చిట్టి_పుస్తకం
పిట్టలనడగండి.

మస్కట్_మనోహర్
మందిరంలోపల చెట్లు లేవనుకోకండి. సొలొమోను గోడల నిండా ఖర్జూరపు చెట్లు, పువ్వులు చెక్కించాడు, 1 రాజులు 6:29. దీపస్తంభానికి బాదం పువ్వులు, మొగ్గలు. బంగారపు చెట్టే అది. అహరోను కర్ర బాదం చిగురు వేసింది. 92వ కీర్తనలో నీతిమంతులు యెహోవా మందిరంలో నాటిన చెట్లు.

గలిలయ_గాలి
బాదం ఇక్కడ అన్నిటికంటే ముందు పూస్తుంది. జనవరి చివర్లో, చలి పోకముందే, ఆకు ఒక్కటి లేకుండా కొమ్మంతా తెల్లగా. అప్పుడే తూ బిష్వాత్, చెట్లకి పుట్టినరోజు పండగ. పిల్లలు మొక్కలు నాటుతారు. పోయిన ఏడాది సవ్తా చక్రాల కుర్చీలోంచే గుప్పెడు మట్టి వేసింది.

హీబ్రూ_అక్షరం
యిర్మీయాకి దేవుడు మొదట చూపించింది ఆ కొమ్మనే. 'షాకేద్' అంటే బాదం, 'షోకేద్' అంటే కాపలా కాసేవాడు. నువ్వు చూసింది షాకేద్, నేను నా మాటకి షోకేద్ అంటాడు. తెలుగులో చదివితే ఆ చమత్కారం చేతికి చిక్కదు, అందుకే చెప్పాను.

పెద్దకాపరి
గోదారి_గట్టు బాబూ, నేను మొదట తొందరపడి జవాబిచ్చాను. ధర్మశాస్త్రానికి ముందు, తర్వాత అని గీత గీస్తే యెహోషువా గిద్యోనూ ఇద్దరూ తప్పు వైపు పడతారు. మీ పెద్దాయన భయం అబద్ధం కాదు. రేపు ఇంకొకరొచ్చి దారం కడతారు, ఎల్లుండి బొట్టు పెడతారు, పిల్లలు చూస్తారు. ఆయన భయం ఆ చెట్టు మీద కాదు, పిల్లల మీద. మీటింగులో ఆయన్ని ఓడించాలని చూడకండి. న్యాయాధిపతులు 6 ఆయన చేతే చదివించండి, 11 నుంచి 26 దాకా. నెమ్మదిగా.

గోదారి_గట్టు
అలాగే అయ్యగారూ. ఆయన మా నాన్నకి స్నేహితుడు కూడా. శనివారం సాయంత్రం వాళ్ళింటికే వెళ్తాను, మీటింగుదాకా ఆగను. బైబిల్లో మస్తకివృక్షం దగ్గర పెన్సిలుతో గీత గీసుకున్నాను.

వంటింటి_మార్త
వెళ్ళేటప్పుడు ఉత్త చేతుల్తో వెళ్ళకు. ఏదైనా పండు పట్టుకెళ్ళు.

గోదారి_గట్టు
పెరట్లో సపోటాలున్నాయి.

(ఆదివారం రాత్రి)

గోదారి_గట్టు
నిన్న వెళ్ళాను. ఆయన అద్దాలు పెట్టుకుని పదకొండో వచనం నుంచి చదివారు. పందొమ్మిదో వచనం దగ్గర ఆగి 'చెట్టు కిందికే తెచ్చాడా' అని మళ్ళీ చదివారు. ఏమీ అనలేదు. ఇవాళ మీటింగులో కొట్టేవాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పమన్నారు. చెట్టు చుట్టూ కూర్చోడానికి సిమెంటు అరుగు కట్టిద్దామని ఆయనే అన్నారు, ఖర్చు ఎవరు పెడతారన్న దగ్గర గొడవ ఆగింది.

కరీంనగర్_కలం
అరుగు కడితే వేర్లకు నీళ్ళు పొయ్యేటట్టు చుట్టూ మట్టి వదిలిపెట్టమని చెప్పు తమ్ముడు.